“మనవాళ్ళే కదా, కాగితం ఎందుకు?”

2018 ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఉదయం. డల్లాస్‌కు ఉత్తరాన మేము ఐదు కుటుంబాల వాళ్ళం కలిసి పెట్టుకున్న హోటల్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. తాళం మారిపోయింది. అద్దె బకాయి కడితే కొత్త తాళంచెవి ఇస్తామనీ, ఎక్కడికి వచ్చి తీసుకోవాలనీ అందులో రాశారు. టెక్సాస్‌లో దుకాణం అద్దె బాకీ పడితే స్థలం యజమాని కోర్టుకు వెళ్ళవలసిన పని లేదు. తలుపు మీద నోటీసు అంటించి తాళం మార్చే హక్కు చట్టమే ఇచ్చింది. ఆ సంగతి మా పదిమందిలో ఒక్కరికీ తెలియదు. అద్దంలోంచి చూస్తే ముందురోజు రాత్రి కడిగి బోర్లించిన గుండిగలు వరుసగా కనిపించాయి. వాటిని నేనే బోర్లించాను.

తలా 30,000 డాలర్లు పెట్టాం. ఎవరి వాటా ఎంత, నష్టం వస్తే ఎవరు ఎంత భరించాలి, ఎవరైనా తప్పుకుంటే ఏం చేయాలి, ఇవేవీ ఎక్కడా రాసుకోలేదు. మొదటి సమావేశంలో నేను ఆ మాట ఎత్తితే, మాలో పెద్దాయన, అందరూ అన్నయ్యా అని పిలిచే మనిషి, ఎంతో ప్రేమగా అన్నారు: “మనవాళ్ళే కదమ్మా, కాగితం ఎందుకు?” నాకు నిజంగానే సిగ్గు వేసింది, అడగకూడనిది అడిగినట్టు.

అయితే ఒక కాగితం ఉంది. స్థలం యజమాని ఇచ్చిన 46 పేజీల అద్దె ఒప్పందం. దాని చివర వ్యక్తిగత హామీ అనే పేజీ ఒకటి ఉంది. కంపెనీ అద్దె కట్టలేకపోతే సంతకం చేసిన మనిషి సొంత ఆస్తి నుంచి కట్టాలి. ఆ సంతకం మా వారిది. ఆ రోజు మిగతా నలుగురూ ఆఫీసుల్లో ఉన్నారు, ఆయన ఖాళీగా ఉన్నారు, అంతే. ఆ అప్పు మేము 2021 దాకా కట్టాం.

ఈ కథ చెబితే చాలామంది “మోసపోయారన్నమాట” అంటారు. కాదు, ఎవరూ మోసం చేయలేదు. నేను అందరికన్నా ముందు చెప్పవలసిన మాట ఇది. అదే ఐదు కుటుంబాల వాళ్ళు నాకు పాప పుట్టినప్పుడు నలభై రోజులు వంతులు వేసుకుని భోజనం తెచ్చి పెట్టారు. నూజివీడులో నాన్న పోయిన రాత్రి రెండు గంటల్లో టికెట్టు డబ్బు పోగుచేసి, ఒకరు బట్టలు సర్ది, మరొకరు విమానాశ్రయానికి తీసుకువెళ్ళారు. పరాయి దేశంలో ఇంతకన్నా పెద్ద ఆసరా ఉండదు. ఆ ఆసరాకు కాగితం అక్కరలేదు. కష్టం వచ్చినప్పుడు చేసే సాయమూ, వ్యాపారంలో చేసే సాయమూ ఒకటే అనుకోవడం మా పొరపాటు. ఒకదానికి మనసు చాలు. రెండోదానికి లెక్క కావాలి, రాత కావాలి, అంతకన్నా ముఖ్యంగా ఆ పని తెలిసిన మనిషి కావాలి, ఆ మనిషి మనవాడు కాకపోయినా సరే.

అమెరికాలో మనం తక్కువ మందిమేమీ కాదు. 2017 నాటికే ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు నాలుగు లక్షలు దాటారు. 2010 నుంచి అప్పటి వరకు ఈ దేశంలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన భాష మనదేనని జనగణన సంస్థ అంచనాల ఆధారంగా పత్రికలు రాశాయి. 1977లో న్యూయార్క్‌లో జరిగిన తొలి తెలుగు మహాసభల నుంచి లెక్కపెడితే మన సంఘాల చరిత్ర అర్ధ శతాబ్దానికి చేరువవుతోంది. సభల్లో ‘బిజినెస్ ఫోరం’ అని ఒక గది ఉంటుంది. ఐదారు ఊళ్ళలో ఆ గదుల్లో కూర్చున్నాను. వేదిక మీద కోట్ల పెట్టుబడుల గురించి మాట్లాడతారు, సన్మానాలు చేస్తారు, ఫోటోలు తీస్తారు. ఒక చిన్న దుకాణం మనిషి లేచి “నా అద్దె ఒప్పందం ఎవరైనా చదివి పెడతారా?” అని అడిగే చోటు అక్కడ లేదు. అడిగితే తనకు తెలియదని అందరికీ తెలిసిపోతుందని భయం. మనలో చదువుకున్నవాళ్ళు ఎక్కువ. తెలియదని ఒప్పుకోవడం మనకు చాలా కష్టం.

ఈ విషయంలో నేను మళ్ళీ మళ్ళీ తలచుకునేది అమెరికాలో దారి పక్కన బస ఇచ్చే మోటళ్ళ గుజరాతీ యజమానుల చరిత్ర. వాళ్ళ కథను మనం “పటేళ్ళకు ఐకమత్యం ఎక్కువ” అన్న ఒక్క వాక్యంతో ముగించేస్తాం. అసలు పాఠం ఆ వాక్యం తర్వాత మొదలవుతుంది.

1942లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో కాంజీభాయ్ దేశాయ్ అనే గుజరాతీ, మరో ఇద్దరు పొలం కూలీలతో కలిసి 32 గదుల హోటల్ ఒకటి నడపడం మొదలుపెట్టాడు. ఆ హోటల్ వాళ్ళ చేతికి ఎలా వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలి. దాన్ని నడిపిన జపాన్ సంతతి యజమానిని యుద్ధకాలంలో ప్రభుత్వం నిర్బంధ శిబిరానికి పంపింది. ఒక వలసదారుడి ఇల్లు కూలిన చోట మరో వలసదారుడికి గుమ్మం దొరికింది. తర్వాత వచ్చిన గుజరాతీలకు దేశాయ్ హోటళ్ళే పట్టమని సలహా ఇచ్చేవాడు. చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చుకుని అప్పులు ఇచ్చుకున్నారు. కాగితం లేదు, వడ్డీ లేదు. ఇంతవరకు అది మన కథ లాంటిదే.

కానీ 1970ల, 80ల నాటికి వాళ్ళు ఒక గోడకు తగిలారు. భారతీయుల మోటళ్ళకు బీమా ఇవ్వడానికి బీమా కంపెనీలు నిరాకరించాయి. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు. పక్కనున్న మోటళ్ళ వాళ్ళు “అమెరికన్ల సొంతం” అని బోర్డులు పెట్టుకుని వచ్చేపోయేవాళ్ళను తమవైపు తిప్పుకున్నారు. బంధువులు ఎంతమంది ఉన్నా బీమా పాలసీ రాయలేరు కదా. అప్పుడు వాళ్ళు సంఘంగా మారారు. 1989లో అట్లాంటాలో ఏర్పడిన ఆసియన్ అమెరికన్ హోటల్ యజమానుల సంఘం ఆ గోడ దగ్గర పుట్టింది. బ్యాంకులతోనూ బీమా సంస్థలతోనూ మాట్లాడింది. ఆ తర్వాత, పెద్ద పేరున్న హోటల్ గొలుసులు చిన్న యజమానులతో చేసుకునే ఒప్పందాలు ఎలా ఉంటే న్యాయమో 12 సూత్రాలుగా రాసి వాళ్ళ ముందు పెట్టింది. న్యూజెర్సీలో అలాంటి ఒప్పందాల మీద ఉన్న ఫ్రాంచైజీ చట్టం మార్పు కోసం నిలబడినప్పుడు మారియట్ లాంటి పెద్ద హోటల్ సంస్థ ఆ సంఘానికి తన మద్దతు ఆపేసింది. అయినా వెనక్కి తగ్గలేదు. ఈ రోజు అమెరికా హోటళ్ళలో దాదాపు 60 శాతం తమ సభ్యులవేనని ఆ సంఘం చెబుతోంది.

గమనించండి. చేతిలో చెయ్యి వేసుకుని ఇచ్చిన అప్పు వాళ్ళను మొదటి మోటల్ దాకా తెచ్చింది. అక్కడి నుంచి ముందుకు తీసుకువెళ్ళింది రాసుకున్న 12 వాక్యాలు. మనం మొదటి దశలోనే ఉండిపోయి, దాన్నే సంస్కృతి అని పిలుచుకుంటున్నాం.

మరి “కాగితం అడిగితే నమ్మకం లేనట్టే” అనడం మన సంస్కృతేనా? నాకు అలా అనిపించదు. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు చీటీలు కట్టింది. ప్రతి నెలా పాట రోజున పుస్తకంలో సంతకం పెట్టేది. నమోదు చేసిన చీటీకి మన దేశంలో 1982 నాటి చట్టం ఉంది. చీటీ నడిపేవాడు రిజిస్ట్రారు దగ్గర ఒప్పందం దాఖలు చేయాలి, డిపాజిట్టు కట్టాలి, పాటకు సభ్యులు సాక్షులుగా ఉండాలి. నడిపేవాడి కమీషన్‌కు హద్దు 5 శాతం ఉండేది, 2019లో 7 శాతం చేశారు. అంటే మన ఊళ్ళో వీధి చివరి ఇల్లాలికి కూడా తెలుసు, డబ్బు ఉన్న చోట పుస్తకం ఉంటుందని. సముద్రం దాటి వచ్చాక మనం ఆ పుస్తకం మరిచిపోయి పెద్దమనుషులం అయ్యాం.

హోటల్ పోయాక ఏడాదిన్నర నేను ఏ పనీ మొదలుపెట్టలేదు. నాది హెచ్-4 వీసా, అంటే హెచ్-1బి లాంటి ఉద్యోగ వీసాలో ఉన్నవాళ్ళ కుటుంబానికి ఇచ్చేది. మా వారి గ్రీన్ కార్డు దారిలో ఐ-140 అనే దరఖాస్తుకు ఆమోదం వచ్చింది కాబట్టి, 2015లో వచ్చిన నియమం పుణ్యమా అని నాకు పనిచేసుకునే కార్డు దొరికింది. ఆ కార్డు ఉంటే ఉద్యోగమూ చేయవచ్చు, సొంత వ్యాపారమూ పెట్టవచ్చు. నాలాంటి వేలమంది ఆడవాళ్ళు బట్టల దుకాణాలు, పిల్లల సంరక్షణ కేంద్రాలు, భోజనం పంపే వంటిళ్ళు మొదలుపెట్టింది ఆ ఒక్క నియమం మీద ఆధారపడి. వ్యాపారం పెట్టడానికే వచ్చేవాళ్ళకు ఈ-2 అని ఒక వీసా ఉంది, కానీ అమెరికాతో అందుకు తగిన ఒడంబడిక లేదు కాబట్టి భారతీయులకు అది రాదు. మనకు వ్యాపారం ఎప్పుడూ మరొకరి వీసా నీడలో మొలిచే మొక్కే.

నేను ఆవకాయ పెట్టడం మొదలుపెట్టాను. 2019లో టెక్సాస్ ఇంటి వంట చట్టంలో పచ్చళ్ళకు చోటు ఇచ్చారు. అప్పటిదాకా దోసకాయ ఊరవేసి అమ్మవచ్చు, మామిడికాయ కూడదు. కొత్త నియమం వచ్చాక తెలిసినవాళ్ళందరూ కొన్నారు. మెచ్చుకున్నారు. ఒకటి కొంటే ఒకటి ఊరికే అడిగారు, ఇచ్చాను. ఆరు నెలలు గడిచాక చూస్తే చేతిలో ఏమీ మిగలలేదు. ఎందుకో తెలియలేదు.

గ్రంథాలయంలో ఒక ప్రకటన చూసి స్కోర్ అనే సంస్థకు ఫోన్ చేశాను. 1964 నుంచి ఉంది. ఉద్యోగాల నుంచి, వ్యాపారాల నుంచి విశ్రాంతి తీసుకున్నవాళ్ళు చిన్న వ్యాపారులకు డబ్బు తీసుకోకుండా సలహాలు ఇస్తారు. నాకు దొరికిన ఆయన డెబ్భై దాటిన తెల్లజాతి మనిషి, ముప్ఫై ఏళ్ళు సాస్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆవకాయ అనే మాట ఆయనకు నోరు తిరగలేదు. రుచి చూసి మంచినీళ్ళు తాగి, నోటుపుస్తకం తీసి మూడు ప్రశ్నలు వేశారు. దీని పులుపు కొలత, అంటే పిహెచ్, ఎంత? సీసాకు నీ ఖర్చు ఎంత? ఆ ఖర్చులో నీ జీతం ఎక్కడ ఉంది?

ఏడేళ్ళుగా ఈ దేశంలో మన వాళ్ళ మధ్య తిరిగాను. నా జీతం ఎక్కడ అని అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు.

సీసా 12 డాలర్లకు అమ్ముతున్నాను. మామిడికాయలు, గానుగ నూనె, కారం, ఆవపిండి, సీసా, మూత, చీటీ అన్నీ కలిపితే 9 డాలర్ల 40 సెంట్లు. కాయలు కడిగి, తుడిచి, కొట్టి, కలిపే నా గంటలకు నేను వేసుకున్న విలువ సున్నా. ఆయన ఆ సున్నాను కొట్టేసి గంటకు 15 డాలర్లు రాశారు. ధర 17 పెట్టమన్నారు. పెట్టాను. ఊరికే అడిగేవాళ్ళు తగ్గారు, కొనేవాళ్ళు తగ్గలేదు. పిహెచ్ సంగతి మరో చదువు. పులుపు ఎక్కువైన కొద్దీ ఆ అంకె తగ్గుతుంది. ఊరవేసిన పదార్థం పిహెచ్ 4.6 మించకూడదు. అంతకన్నా పెరిగితే గాలి చొరబడని సీసాలో ప్రాణాంతకమైన సూక్ష్మజీవి పెరిగే వీలుంది. నా ఆవకాయను పరీక్షకు పంపితే 3.7 వచ్చింది. ప్రతి విడతకూ ఒక సంఖ్య వేసి లెక్క దాచాలని ఆయనే నేర్పారు. 2023 జనవరి 1 నుంచి నువ్వులను ఈ దేశంలో తొమ్మిదో అలర్జీ పదార్థంగా చేర్చారు. గానుగ నువ్వుల నూనెతో పచ్చడి పెట్టే ప్రతి మనిషీ సీసా మీద ఆ మాట రాయాలి. ఆ రోజుల్లో మా పచ్చళ్ళ ఆడవాళ్ళ వాట్సాప్ బృందంలో రెండు వందల మంది ఉండేవాళ్ళం. వినాయక చవితి శుభాకాంక్షలు వంద వచ్చేవి. నువ్వుల నియమం గురించి ఒక్క సందేశం రాలేదు. మొదటి సందేశం నేనే పెట్టాను. అది చదివి ముగ్గురు నాకు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశారు, అప్పటికే సీసాలు బయటికి వెళ్ళిపోయాయని.

2022లో చిన్న దుకాణం తీసుకున్నాను. నా పక్క దుకాణం బట్టల లాండ్రీ. నడిపే ఆవిడ కొరియా నుంచి 1980లలో వచ్చారు. మా ఇద్దరికీ ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా చీటీ గురించి మాట్లాడుకోవడానికి అది అడ్డు రాలేదు. వాళ్ళు దాన్ని గ్యే అంటారు. ఇరవై మంది ఆడవాళ్ళ గ్యేతో తన మొదటి ఇస్త్రీ యంత్రం కొన్నానని చెప్పారు. తొంభైలలో ఒకామె డబ్బు ఎత్తుకుని వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయిందట. “అప్పటినుంచి రాసుకుంటున్నాం, అందుకే ఇంకా స్నేహితులం” అన్నారు. అదే చీటీని మెక్సికో వాళ్ళు తాండా అంటారు, కరీబియన్ వాళ్ళు సూసూ అంటారు, ఇథియోపియా వాళ్ళు ఎకుబ్ అంటారు. బ్యాంకు తలుపు తెరవని చోటల్లా పేదవాళ్ళు ఇదే యంత్రాన్ని కనిపెట్టుకున్నారు.

అయితే ఈ యంత్రానికి ఒక లోపం ఉంది. ఇరవై ఏళ్ళు ఒక్క నెల తప్పకుండా చీటీ కట్టిన మనిషి ఈ దేశపు బ్యాంకు కంటికి ఏమీ కట్టని మనిషే. క్రెడిట్ స్కోరులో అది కనిపించదు. శాన్ ఫ్రాన్సిస్కోలో మెక్సికో నుంచి వచ్చిన హోసే కిన్యోనెస్ 2007లో మిషన్ అసెట్ ఫండ్ అనే సంస్థ మొదలుపెట్టి ఈ లోపాన్ని సరిచేశాడు. కొద్దిమంది కలిసి నెల నెలా డబ్బు వేసుకుంటారు, వంతుల వారీగా తీసుకుంటారు, వడ్డీ లేదు. తేడా ఒక్కటే. అందరూ ఒప్పందం మీద సంతకం చేస్తారు, సంస్థ ప్రతి చెల్లింపునూ క్రెడిట్ స్కోరు లెక్కకట్టే సంస్థలకు పంపుతుంది. 2014లో కాలిఫోర్నియా ఈ పద్ధతిని చట్టంలోనే గుర్తించింది. మా అమ్మ ముప్ఫై ఏళ్ళ నిజాయితీకి ఒక స్కోరు ఉండి ఉంటే ఎంత ఉండేదో అని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. మన దగ్గర ఉన్న నమ్మకాన్ని బయటివాళ్ళు చదవగలిగేలా రాసి పెట్టడమే ఆయన చేసిన పని. మన సంఘాల దగ్గర దీనికి కావలసిన డబ్బూ ఉంది, లెక్కలు తెలిసినవాళ్ళూ ఉన్నారు, సాఫ్ట్‌వేర్ రాయగలవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు.

ప్రభుత్వం ఉంది కదా, మైనారిటీ వ్యాపారులకు పథకాలు ఉన్నాయి కదా అంటారు. ఉండేవి. భారత సంతతి వాళ్ళు అడగగా 1982లో అమెరికా ప్రభుత్వ చిన్న వ్యాపారాల సంస్థ మనల్ని వెనుకబడినవారిగా భావించే జాబితాలో చేర్చింది. దాంతో 8(ఎ) పథకంలో ప్రభుత్వ కాంట్రాక్టులకు దారి దొరికింది, పౌరులైనవాళ్ళకు. 2023 జులైలో టెనెసీలోని ఒక ఫెడరల్ కోర్టు జాతిని బట్టి అలా ముందే భావించడం చెల్లదని తీర్పు ఇచ్చింది. నిక్సన్ కాలంలో 1969లో మొదలై 2021లో చట్టబద్ధంగా శాశ్వతమైన మైనారిటీ వ్యాపారాభివృద్ధి సంస్థను కుదించమని 2025 మార్చిలో అధ్యక్ష ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది ప్రభుత్వ హామీ ఉన్న అప్పులకు వ్యాపారంలో నూటికి నూరు వాటా పౌరులదో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళదో అయి ఉండాలన్నారు. అంతకుముందు 51 శాతం చాలేది. నాలాంటివాళ్ళకు ఆ తలుపు మూసుకుంది.

ఈ పథకాల విషయంలో నా మనసు రెండుగా ఉందని చెప్పాలి. ఆదాయంలో ఈ దేశంలో పైన ఉన్నవాళ్ళలో మనం ఉన్నాం. నల్లజాతి వాళ్ళు తరాలపాటు పోరాడి తెరిచిన తలుపులోంచి, సాఫ్ట్‌వేర్ కంపెనీ యజమాని మైనారిటీ అన్న మాటతో లోపలికి వెళ్ళడం నాకు ఎన్నడూ సరిగా అనిపించలేదు. కానీ సాఫ్ట్‌వేర్ యజమానీ, గ్యాస్ స్టేషన్‌లో పన్నెండు గంటలు నిలబడే మనిషీ ఒకే జాబితాలో ఉంటారు. సగటు ఆదాయం అన్న అంకె వెనక ఆ రెండో మనిషి కనిపించకుండా పోతాడు. అతని కోసం మాట్లాడవలసినది మన సంఘాలే, ఎందుకంటే అతను ఉన్నాడని తెలిసింది మనకే.

ఇక్కడ ‘మనవాళ్ళు’ అన్న మాటను గట్టిగా పట్టుకుని చూడాలి. మా హోటల్‌కు ఐదు కుటుంబాలు ఎలా కలిశాయి? ఊరు అడిగాం, ఇంటిపేరు అడిగాం. తెలుగువాళ్ళు ఇంటిపేరు ఎందుకు అడుగుతారో ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఆరో మనిషి ఒకాయన వాటా తీసుకుంటానని వచ్చారు. హైదరాబాద్‌లో పదేళ్ళు మెస్ నడిపిన మనిషి. రోజుకు మూడు వందల మందికి వండి పెట్టి, గ్యాసు ఖర్చు, బియ్యం తరుగు, మిగిలిన కూర లెక్క అన్నీ వేళ్ళ మీద చెప్పగలరు. మాలో ఐదుగురికీ వంటశాల నడపడం అంటే తెలియదు. ఆయన ఇంటిపేరు విన్నాక మాట మారింది. “తర్వాత చూద్దాం” అన్నారు. ఎవరూ పైకి ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. ఆ నిశ్శబ్దంలో నేను ఉన్నాను. పద్నాలుగు నెలల్లో మా హోటల్ మూతపడింది. ఆయన వేరే ఊళ్ళో ఒక్కడే పెట్టుకున్న మెస్ ఇప్పటికీ నడుస్తోంది.

2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసినప్పుడు మనలో కొందరు ఇక్కడ కులం ఎక్కడుందని అడిగారు. మా హోటల్ వాటాల జాబితాలో ఉంది. మన దేశంలో 2005లో పుణెలో మిలింద్ కాంబ్లే దళిత వాణిజ్య మండలి స్థాపించారు, ఎందుకంటే ఉన్న వాణిజ్య మండళ్ళలో అప్పు ఇచ్చే చేతులూ సరుకు కొనే చేతులూ వాళ్ళ దాకా చాచుకోలేదు. 2012 నాటి ప్రభుత్వ కొనుగోలు విధానంలో దళిత, ఆదివాసీ వ్యాపారుల నుంచి 4 శాతం కొనాలన్న నియమం వచ్చింది. ఇక్కడ మన సంఘాలకు అలాంటి నియమం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి మనమే పెట్టుకోవాలి. సభకు ముప్ఫై వేల భోజనాలు వండించేటప్పుడు కాంట్రాక్టు ఎవరికి, ఎలా ఇచ్చారో బహిరంగంగా రాసి పెట్టడం అందులో మొదటిది.

మరో ఇద్దరి గురించి చెప్పకపోతే నేను రాసిందంతా అబద్ధమవుతుంది. ఆ హోటల్‌లో రాత్రిపూట ఇద్దరు విద్యార్థులు పనిచేసేవాళ్ళు. చదువు వీసాలో ఉన్నవాళ్ళు ప్రత్యేక అనుమతి లేకపోతే కాలేజీ ఆవరణలోనే, అదీ తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటల వరకే పనిచేయాలి. ఫీజులకు ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి వచ్చిన పిల్లలు. “మనవాళ్ళ పిల్లలే, ఆసరాగా ఉంటుంది” అని పెట్టుకున్నాం. గంటకు ఆరు డాలర్లు, చేతికే. తాళం పడిన రోజుకు వాళ్ళకు ఆరు వారాల డబ్బు బాకీ ఉంది. వాళ్ళు ఎవరి దగ్గరికి వెళ్ళి అడుగుతారు? ఫిర్యాదు చేస్తే ముందు వాళ్ళ వీసా పోతుంది. మేము కాగితం లేక నష్టపోయామని బాధపడ్డాం. ఆ పిల్లలకు కాగితం లేకపోవడం మాకు లాభంగా ఉండేది. మా వాటాకు వచ్చింది ఆ తర్వాత వాళ్ళకు ఇచ్చాం. ఆ డబ్బు అందుకుంటూ ఒక అబ్బాయి “పర్వాలేదు అక్కా” అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. వలస వ్యాపారులకు మద్దతు ఇవ్వాలని నేను గట్టిగా అడుగుతాను, కానీ దొంగచాటు కూలీ మీద నిలబడ్డ దుకాణానికి మాత్రం కాదు. నా దుకాణంలో ఇప్పుడు ముగ్గురు పనిచేస్తున్నారు. ముగ్గురికీ జీతం చీటీ ఉంది.

ఈ మధ్య రెండేళ్ళుగా ప్రతి నెలా రెండో మంగళవారం పొద్దున ఎనిమిదింటికి నా దుకాణం వెనక గదిలో తొమ్మిది మందిమి కూర్చుంటున్నాం. లాండ్రీ ఆవిడ, ఎల్ సాల్వడార్ నుంచి వచ్చి పుపూసాలు అనే రొట్టెలు చేసి అమ్మే అక్కాచెల్లెళ్ళు, ఇథియోపియా కాఫీ దుకాణం ఆయన, ఇద్దరు తెలుగువాళ్ళు, ఒక వియత్నాం గోళ్ళ సెలూన్ ఆవిడ, ఒక పాకిస్తానీ సెల్‌ఫోన్ల మనిషి. సభ లేదు, అధ్యక్షుడు లేడు. ఒక నియమం ఉంది: వచ్చేటప్పుడు ఒక కాగితం తేవాలి. అద్దె బిల్లు, బీమా పాలసీ, నగరం పంపిన నోటీసు, ఏదైనా సరే. గట్టిగా చదువుకుంటాం.

నిరుడు మొదటిసారి నలుగురం మా ఉమ్మడి నిర్వహణ ఖర్చుల బిల్లులు పక్కపక్కన పెట్టాం. ఇక్కడ చాలా ప్లాజాల్లో అద్దెతో పాటు ఆస్తిపన్ను, భవనం బీమా, పార్కింగ్ స్థలం బాగు కూడా దుకాణదారే భరించాలి. ఏడాది చివర లెక్క తేల్చి మళ్ళీ బిల్లు పంపుతారు. ఒకే ప్లాజా, ఒకే ఏడాది, నలుగురికీ చదరపు అడుగుకు నాలుగు వేర్వేరు రేట్లు. పైకప్పు మొత్తం మార్చిన ఖర్చును ఒక్క ఏడాదిలోనే మా మీద వేశారు. ఒప్పందం 31వ పేజీలో, లెక్కలు తనిఖీ చేయమని అడిగే హక్కు మాకు 90 రోజుల వరకు ఉందని రాసి ఉంది. ఆ పేజీ కనిపెట్టింది పుపూసాల చెల్లెలు. నలుగురం కలిసి ఒకే ఉత్తరం రాశాం. ఏడు వారాల తర్వాత నాకు 2,300 డాలర్లు వెనక్కి వచ్చాయి. నేను ఒక్కదాన్నే రాసి ఉంటే జవాబు కూడా వచ్చేది కాదని నాకు తెలుసు, ఎందుకంటే అంతకుముందు ఏడాది ఒక్కదాన్నే రాశాను.

పనిచేసుకునే నా కార్డు గడువు వచ్చే ఏడాది ముగుస్తుంది. కొత్త కార్డు ఆలస్యమైనా పాతదాని మీద 540 రోజుల వరకు పనిచేసుకునే వెసులుబాటు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టిన దరఖాస్తులకు దాన్ని తీసేశారు. కొత్త కార్డు సమయానికి రాకపోతే నా దుకాణం నాదే, కానీ గల్లా వెనక నేను నిలబడకూడదు. పోయిన నెల నేను తెచ్చిన కాగితం అదే. చదివాక కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కాఫీ దుకాణం ఆయన తన భార్య వారానికి మూడు రోజులు వచ్చి నిలబడుతుందనీ, జీతం ఎంతో ఇప్పుడే రాసుకుందామనీ అన్నారు. రాసుకున్నాం.

ఈ నెల కొత్తగా ఒక జంట వచ్చింది. కరీంనగర్ నుంచి వచ్చినవాళ్ళు. ఒక బిర్యానీ గొలుసు వాళ్ళ దగ్గర ఫ్రాంచైజీ తీసుకోవాలని అనుకుంటున్నారు. రెండు లక్షల డాలర్లు. “వాళ్ళు మా జిల్లావాళ్ళే అక్కా, రేపు సంతకం చేస్తున్నాం” అంది ఆ అమ్మాయి. ఫ్రాంచైజీ వివరాల పత్రం ఎప్పుడు ఇచ్చారని అడిగాను. నిన్న ఇచ్చారంది. సంతకానికీ డబ్బుకూ కనీసం 14 రోజుల ముందు ఆ పత్రం చేతికి ఇవ్వాలన్నది ఈ దేశం మొత్తానికీ వర్తించే నియమం. రేపు సంతకం ఎలా కుదురుతుందని లాండ్రీ ఆవిడ అడిగారు. ఆ అబ్బాయి ముఖం మారింది.

ఆ పత్రంలో 20వ అంశం తెరిచాం. ఆ గొలుసులో ఉన్న హోటళ్ళ పట్టిక, ఆ తర్వాత నిరుడు మూసుకుని తప్పుకున్నవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు. పదకొండు ఉన్నాయి. మొదటి నంబరుకు చేద్దామా అంటే ఆ అమ్మాయి, “ఎవరో ఏమో, ఏమనుకుంటారో” అంది. నా ఫోన్ నుంచే చేసి బల్ల మీద అందరికీ వినబడేలా పెట్టాను. నాలుగోసారి మోగాక ఎత్తారు. ఇంగ్లీషులో హలో అన్నారు. నేను విషయం చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం.

“తెలుగువాళ్ళేనా అమ్మా?” అన్నారాయన. “అయితే వినండి. ఒక కాగితం, కలం దగ్గర పెట్టుకోండి.”